కాలనీలో కొత్త రెస్టారెంటు

హైదరాబాద్ శివార్లలో, అంటే నిజాంపేట, మణికొండ, నార్సింగి, నాగోలు, కొంపల్లి వంటి చోట్ల, మెయిన్ రోడ్డు మీద లేచే కొత్త భవనాలన్నిటిదీ దాదాపు ఒకే అమరిక. కింద మందుల షాపు, మొబైల్ షోరూమ్. మొదటి అంతస్తులో బ్యాంకో డయాగ్నస్టిక్ సెంటరో. ఆ పైన రెస్టారెంటు. అరవై నుంచి వంద మంది పట్టే ఏసీ హాలు, చంటిపిల్లలకు ఎత్తు కుర్చీలు, పుస్తకమంత మెనూ, బయట రాత్రంతా వెలిగే బోర్డు ఉంటాయి. ఊరంతా వెతుక్కుంటూ వచ్చే హోటల్ కాదిది. రెండు మూడు కిలోమీటర్ల లోపు ఇళ్లే దీనికి ఆధారం. వంటకు ఓపిక లేని ఆదివారం, పిల్లల పరీక్షలు అయిపోయిన రోజు, ఊరి నుంచి బావమరిది దిగిన సాయంత్రం చెప్పులేసుకుని వెళ్లొచ్చే చోటు.

పాత హైదరాబాద్‌లో ఈ తరహా హోటల్ లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి వచ్చినవారు నాలుగు రోడ్ల కూడళ్లలో పెట్టిన కేఫ్‌లు చాయ్, ఉస్మానియా బిస్కట్, సమోసాలతో నడిచేవి. అక్కడ గంటల తరబడి కూర్చునేవారు ఎక్కువగా మగవాళ్లే. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాద్ ప్యారడైజ్ 1953లో సినిమా హాలును ఆనుకుని చిన్న కేఫ్‌గా మొదలైంది. శాకాహారులకు ఉడుపి హోటళ్లు, బ్యాచిలర్లకూ కోచింగ్ విద్యార్థులకూ అమీర్‌పేట, ఎస్సార్ నగర్ మెస్‌లు ఉండేవి. ఇంటిల్లిపాదీ కలిసి బయట తినాలంటే బస్సో ఆటోనో ఎక్కి అబిడ్స్‌కో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కో వెళ్లాలి. వెళ్లినా పరదా కట్టిన ‘ఫ్యామిలీ రూమ్’లో కూర్చోవాలి. ఇంట్లో పొయ్యి ఉండగా డబ్బు పెట్టి బయట తినడమేమిటని పెద్దవాళ్లు గొణిగేవారు కూడా.

మార్పు పడమటి దిక్కు నుంచి వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, కొండాపూర్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు, వేర్వేరు జిల్లాల నుంచి వచ్చి పక్కపక్క ఫ్లాట్లలో ఉండే కుటుంబాలు పెరిగాయి. రాత్రి ఎనిమిదిన్నరకు ఆఫీసు బస్సు దిగే మనిషికి అబిడ్స్ చాలా దూరం. హోటలే ఇంటి దగ్గరకు రావలసి వచ్చింది. 2014లో బెంగళూరులో పుట్టిన స్విగ్గీ, అంతకుముందు హోటళ్ల మెనూల వెబ్‌సైటుగా ఉండి తర్వాత డెలివరీలోకి దిగిన జొమాటో ఈ హోటళ్లకు రెండో వాకిలి తెరిచాయి. హాలులో పది టేబుళ్లు ఖాళీగా ఉన్నా వంటగది పక్కన పార్సిళ్లు కడుతూనే ఉంటారు.

మెనూ చూస్తే కాలనీలో ఎవరుంటున్నారో తెలిసిపోతుంది. అన్ని జిల్లాల వాళ్లూ కలిసిన చోట ‘మల్టీ క్విజీన్’ బోర్డు పడుతుంది. తందూరీ, చైనీస్, బిర్యానీ, చివరి పేజీలో పెరుగన్నం. అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ వంటి హైదరాబాదీ స్టార్టర్లు లేని మెనూ కనబడటం అరుదు. చైనీస్ పేజీలో ఉన్న మంచూరియాకు చైనాతో పెద్ద బంధుత్వం లేదు. 1970లలో ముంబయిలో పుట్టిన వంటకమని చెబుతారు. కోస్తా, సీమ కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాల్లో దారి వేరు. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఒకప్పుడు సీమ పల్లెల్లో ఇంటి తిండి. ఇప్పుడవి వెదురు అలంకరణల మధ్య, ఇత్తడి గిన్నెల్లో, తందూరీ చికెన్ ధరకు దీటుగా వస్తున్నాయి. కాకినాడలో అరటాకు భోజనానికి పేరుపడ్డ సుబ్బయ్యగారి హోటల్ హైదరాబాద్‌లోనూ శాఖలు తెరిచింది. దాని బుట్ట భోజనం ఆదివారాల్లో ఎన్నో ఫ్లాట్లకు చేరుతుంది. ఇళ్లలో ఉలవలు నానబెట్టే అలవాటు తగ్గిన ఈ రోజుల్లోనే ఉలవచారు బిర్యానీ పేరు మెనూల్లో పెద్దక్షరాల్లోకి ఎక్కడం వింతే.

వీటన్నిటిలో మండీ ప్రయాణం మరీ ఆసక్తికరం. చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కాస్ ప్రాంతంలో నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉంటారు. వాళ్ల పూర్వీకులది యెమెన్‌లోని హద్రమౌత్. అన్నమూ మాంసమూ కలిసే మండీ అక్కడి వంటకమే. ఘాటు మసాలా ఉండదు, కారం తక్కువ. మాంసం నెమ్మదిగా మగ్గుతుంటే దాని రసం అన్నానికి పడుతుంది. చాలాకాలం బార్కాస్ వెళ్లినవాళ్లకే తెలిసిన ఈ రుచి ఇప్పుడు వనస్థలిపురం నుంచి మియాపూర్ దాకా కనిపిస్తుంది. నేల మీద పరుపులు, నడుమ పొట్టి బల్ల, నలుగురికి ఒకే పెద్ద పళ్లెం. చేతులు కడుక్కుని ఒకే పళ్లెంలోంచి తినడం కుర్ర జట్లకు బాగా పట్టింది. మోకాళ్ల నొప్పులున్న అత్తమామలను వెంటబెట్టుకుని వెళ్లేవారు మాత్రం ముందు కుర్చీలున్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

వంటగది లోపలి పద్ధతి తెలిస్తే మెనూను చదవడం తేలిక. ఎనభై రకాల కూరలు రాసి ఉన్నా పొయ్యి దగ్గర నిజానికి ఉండేవి మూడు నాలుగు గ్రేవీలే. ఉల్లి, టమాటాతో ఎర్రది, జీడిపప్పుతో తెల్లది, వేయించిన ఉల్లితో గోధుమరంగుది. ఉదయమే పెద్ద గిన్నెల్లో చేసిపెట్టుకుంటారు. ఆర్డరు రాగానే బాండీలో నూనె, తాలింపు, పనీరో చికెనో, ఒక గరిటె ఎర్రది, అర గరిటె తెల్లది, పైన మీగడ. ఆరేడు నిమిషాల్లో కూర టేబుల్ మీద ఉంటుంది. అందుకే రెండు పేర్లతో తెప్పించిన పనీరు కూరలు ఒక్కోసారి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇందులో మోసమేమీ లేదు. హాలంతటికీ ఏకకాలంలో వడ్డించే ఏ వంటగదిదైనా ఇదే మార్గం. అయితే ఆ గ్రేవీ నేటిదా నిన్నటిదా అన్నదే అసలు ప్రశ్న.

బిర్యానీ లెక్క వేరు. హైదరాబాద్ కచ్చి దమ్‌లో మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బాస్మతి పైన వేసి మూత అంచులకు పిండి అద్ది దమ్ పెడతారు. ఒక్క ప్లేటు కోసం ఈ పని సాగదు. హండీ మొత్తం దిగాల్సిందే. కాలనీ హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి హండీ తెరుస్తారు. ఆ వేళకు వెళ్లినవారి పళ్లెంలో మెతుకు విడివిడిగా, ముక్క మెత్తగా, అడుగు మసాలా అన్నానికి పట్టి ఉంటుంది. మూడున్నరకు వెళ్లినవారికి వేడిచేసిన అన్నమే గతి. ఫ్రై పీస్ బిర్యానీ ఈ నియమానికి కట్టుబడదు. అన్నం ముందే సిద్ధంగా ఉంటుంది, ముక్కలు అప్పటికప్పుడు వేయించి పైన పెడతారు. స్విగ్గీ ఏటా ప్రకటించే జాబితాల్లో చాలా ఏళ్లుగా బిర్యానీదే మొదటి స్థానం. కాబట్టి మిగతా ఎనభై రకాలూ ఎలా ఉన్నా, కాలనీ హోటల్ బతుకు ఆ ఒక్క హండీ మీదే ఆధారపడుతుంది.

ఇక గిరాకీకి తెలుగు పంచాంగమే పాలకుడు. మంగళ, గురు, శనివారాల్లో నీచు ముట్టని ఇళ్లు ఎన్నో. శ్రావణం, కార్తీకం వస్తే మాంసాహార హోటళ్లలో పొయ్యిలు చల్లబడతాయి, పనీరు, పుట్టగొడుగుల ఆర్డర్లు పెరుగుతాయి. నవంబరు నుంచి సంక్రాంతి వరకు అయ్యప్ప దీక్షలు. ఇంట్లో ఒకరు మాల వేసుకున్నా ఆ కుటుంబమంతా హోటల్ వైపు రావడం మానేస్తుంది. కార్తీకం ముగిసిన మొదటి ఆదివారం మళ్లీ మెట్ల దాకా జనం. రంజాన్ నెలలో హోటల్ ముందు భట్టీలు వెలిసి హలీం అమ్మకాలు సాగుతాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీం ఆ ముప్పై రోజుల్లో ఎన్నో హోటళ్ల లోటును పూడుస్తుంది. కొత్తగా హోటల్ పెట్టేవారు ముహూర్తం చూసుకుంటారు గానీ, శ్రావణానికి ముందు తెరిస్తే రెండో నెలలోనే ఖాళీ హాలు చూడాల్సి వస్తుందని చాలామందికి తర్వాతగానీ తెలియదు.

అసలు ఒకే మెట్ల పైన రెండేళ్లలో మూడు బోర్డులు మారడం నగరవాసులకు కొత్త కాదు. అద్దెకు నెలల కొద్దీ అడ్వాన్సు, ఇంటీరియర్ ఖర్చు, మాస్టర్ల జీతాలు ముందే పోతాయి. తందూర్ మాస్టర్, చైనీస్ మాస్టర్, బిర్యానీ మాస్టర్ ముగ్గురూ వేరు. చేతికింద ఒడిశా, బెంగాల్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుర్రాళ్లుంటారు. బిర్యానీ మాస్టర్ ఎక్కువ జీతానికి పక్క హోటల్‌కు వెళితే రుచీ వెంటే వెళుతుంది. సరుకుల ఖర్చు అమ్మకంలో మూడో వంతు దాటితే కష్టమని హోటల్‌వాళ్ల లెక్క. యాప్‌ల కమీషన్, అవి అడిగే డిస్కౌంట్లు పోను పార్సిల్ మీద మిగిలేది స్వల్పం. ప్రారంభ వారంలో బంధువులు, స్నేహితులు, కొత్త కోసం వచ్చేవారు హాలును నింపుతారు. ఆ రద్దీని చూసి యజమాని పొంగిపోతే పొరపాటే. మూడో నెలలో ఒక మామూలు బుధవారం రాత్రి ఎన్ని టేబుళ్లు నిండాయన్నదే హోటల్ నిలబడుతుందో లేదో చెబుతుంది. ఆ బుధవారం వచ్చేది కాలనీవాళ్లే.

తినేవారు తెలుసుకోవలసినది బిల్లు దగ్గర కొంత ఉంది. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. ఏసీ ఉన్నా లేకున్నా ఒకటే. అయితే ఏడాది టర్నోవరు కోటిన్నర లోపున్న హోటళ్లు కాంపొజిషన్ పద్ధతి ఎంచుకోవచ్చు. ఆ పద్ధతిలో ఉన్నవారు పన్నును సొంత జేబులోంచి కట్టాలి, వినియోగదారుడి దగ్గర విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద తాము కాంపొజిషన్ కింద ఉన్నామని రాయాలి. ఆ మాట ఉండి కూడా కింద జీఎస్టీ కలిపితే అడగవలసిందే. సర్వీస్ చార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి, లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వాటర్ బాటిల్ సంగతి మాత్రం చాలామంది అనుకున్నట్టు లేదు. హోటల్లో కూర్చోబెట్టి వడ్డించే బాటిల్‌కు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

శుభ్రత విషయంలో ధైర్యంగా చెప్పగలిగేది తక్కువ. 2024లో తెలంగాణ ఆహార భద్రతా అధికారులు హైదరాబాద్ హోటళ్లలో వరుసగా తనిఖీలు చేసినప్పుడు పేరున్న చోట్లలోనూ కాలం తీరిన సరుకులు, మూతల్లేని డ్రమ్ములు బయటపడ్డాయి. అదే ఏడాది మోమోలు తిని పలువురు ఆస్పత్రి పాలై ఒకరు మరణించాక, పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు రాష్ట్రం నిషేధించింది. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు, పైగా సాస్‌ను బయట గంటల తరబడి ఉంచుతారు. మండీ పళ్లెం పక్కన వచ్చే తెల్లటి సాస్ దేనితో చేశారో అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వేపుడు నూనె విషయంలోనూ నియమం ఉంది. పదేపదే కాచితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. టేబుల్ దగ్గర దీన్ని కొలిచే దారి లేదు గానీ, వేపుళ్లలో కమురు వాసన, నాలుక మీద అంటుకునే జిడ్డు చాలావరకు చెబుతాయి. చికెన్ 65లోని మరీ ముదురు ఎరుపు కూడా అనుమానించదగ్గదే. కర్ణాటక 2024లో గోబీ మంచూరియా, కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించింది. లైసెన్సు చూడటం మాత్రం తేలిక. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కౌంటర్ దగ్గరా బిల్లు మీదా ఉండాలి.

కొత్త హోటల్‌ను పరీక్షించడానికి ఆదివారం రాత్రి తొమ్మిది గంటలు సరైన సమయం కాదు. అప్పుడు కెప్టెన్ ‘ఐదు నిమిషాలండీ’ అంటే ముప్పావు గంట అని అర్థం. వంటగదిలో నాలుగు చేతులు పదహారు పనులు చేస్తుంటాయి. వారం మధ్యలో హండీ దిగే వేళకు వెళ్లి, ఒక బిర్యానీ, ఒక కూర, రెండు పుల్కాలు తెప్పించుకుంటే ఆ హోటల్ సంగతి తేలిపోతుంది. ఉప్పు ఎక్కువైనా, ముక్క ఉడకకపోయినా అక్కడే చెప్పడం మేలు. యాప్‌లో ఒక్క చుక్క ఇచ్చి ఊరుకుంటే అది వారం తర్వాత ఎవరికో చేరుతుంది. కౌంటర్ దగ్గర చెబితే నేరుగా యజమానికే చేరుతుంది. చాలా కాలనీ హోటళ్లలో బిల్లు కొట్టే మనిషి ఆయనే.