వకాండాకు దర్శకుడు

1966వ సంవత్సరమున స్టాన్ లీ, జాక్ కిర్బీ అను ఇరువురు అమెరికన్లు తమ బొమ్మల కథలో ఒక నల్లజాతి వీరుని సృష్టించిరి. అతని పేరు టి-చాలా. వకాండా అను కల్పిత ఆఫ్రికా దేశమునకు రాజు. ముసుగు ధరించినచో 'బ్లాక్ పాంథర్'. సృష్టికర్తలిద్దరును తెల్లవారే. ఆ వీరుని వెండితెర కెక్కింపవలెనని నటుడు వెస్లీ స్నైప్స్ 1990 తరువాతి యేండ్లలో ప్రయత్నించెను గాని పని సాగలేదు.

కడకు మార్వెల్ సంస్థ పూనుకొనెను. దర్శకు డెవరు? 2015లో, 'సెల్మా' చిత్రమునకు దర్శకత్వము వహించిన ఏవా డువర్నేతో సంప్రదింపులు జరిగెను. కథ ఎట్లుండవలె నను విషయమున సంస్థతో ఏకీభావము కుదరక ఆమె తప్పుకొనెను. నిర్మాత దర్శకుని ఎన్నుకొనుట లోక మెరిగినదే. దర్శకుడును నిర్మాతను ఎన్నుకొనునని తలచువారు అరుదు.

2016 జనవరిలో ర్యాన్ కూగ్లర్ పేరు వెలువడెను. అప్పటి కతనికి ముప్పది యేండ్లు నిండలేదు; తీసిన పెద్ద చిత్రములు రెండే. 2009 నూతన సంవత్సర దినమున, కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరపు రైల్వే స్టేషనులో, ఆస్కార్ గ్రాంట్ అను నిరాయుధుడైన నల్లజాతి యువకుడు పోలీసు తూటాకు బలియయ్యెను. ఆ యథార్థగాథయే కూగ్లర్ మొదటి చిత్రము 'ఫ్రూట్‌వేల్ స్టేషన్'. రెండవది ముష్టియుద్ధపు కథ, 'క్రీడ్'.

నల్లజాతివాడగుట మాత్రమే చాలునన్నచో ఎన్నిక సులభమే. కూగ్లర్ వెంట తెచ్చినది ఒక వెలితి. ఓక్లండ్‌లో పుట్టిన అతడు తన పూర్వుల ఖండమును అంతవరకు చూడనే లేదు. ఈ చిత్రము ఒప్పుకొనిన పిమ్మటనే ఆఫ్రికాకు పయనమయ్యెను. ఆ వెలితియే కథకు ప్రాణమైనది. 1992 నాటి ఓక్లండ్‌లో, టి-చాలా పినతండ్రి తన అన్నయైన రాజు చేతనే మరణించును. అనాథయైన అతని కొడుకు పెద్దవాడై, దాయాదిగా సింహాసనమునకు వచ్చును. ఇంత సంపద గల వకాండా, తనవారు లోకమంతట బాధలు పడుచుండగా ఏల దాగియుండెనని అతని నిలదీత. కథలో అతడు ప్రతినాయకుడే. అయినను ఆ ప్రశ్నకు రాజు వద్ద సమాధానము లేదు.

కూగ్లర్ తన పాత సహచరులను వెంట తెచ్చుకొనెను. అందరును నల్లవారు కారు: ఛాయాగ్రాహకురాలు రేచెల్ మారిసన్ తెల్లజాతి స్త్రీ, సంగీతకర్త లుడ్విగ్ యోరాన్సన్ స్వీడన్ దేశీయుడు. ఈ స్వీడన్‌వాడు ఆఫ్రికా డోలు నేర్వదలచి సెనెగల్‌లో గాయకుడు బాబా మాల్ వెంట తిరిగెను.

2018 ఫిబ్రవరిలో విడుదలైన ఆ చిత్రము 130 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించి, మూడు ఆస్కారు బహుమతులు పొందెను. దుస్తులకు రూత్ కార్టర్, కళాదర్శకత్వమునకు హానా బీచ్లర్ పొందినవి, ఆ శాఖలలో నల్లజాతివారికి దక్కిన తొలి బహుమతులు.

చిత్రాంతమున రాజు ఓక్లండ్‌కే వచ్చును. ఆ వాడలో బంతి ఆడుకొను బాలు డొకడు అతని దరిజేరి, నీ వెవరవని అడుగును.