ఓడ ఆగిన పూట ఏ తీరమునకు పోవలెను?

మెతుకుసీమకు సముద్రము దూరము. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురము ప్రాంతములలో పెరిగినవారికి నీరనగా చెరువు, వాగు, మంజీర. అందుచేతనే కాబోలు సముద్రమును చూడవలెనను కోరిక ఈ ప్రాంతమువారిలో మిక్కుటముగా నుండును. కర్మాగారములలో పనిచేయు కుటుంబములు సెలవులు దొరకినప్పుడు విశాఖపట్టణమునకో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో పోయి వచ్చుట పరిపాటి. ఇటీవల ఓడ ప్రయాణములపైనను ఆసక్తి పెరుగుచున్నది. 2022 జూన్ నెలలో చెన్నై నుండి బయలుదేరిన విహారనౌక యొకటి విశాఖ రేవునకు వచ్చినది. 2023లో అచ్చట విహారనౌకల ప్రయాణికులకై ప్రత్యేక కేంద్రమును ప్రారంభించిరి. అంతకు చాల ముందునుండియు చెన్నై, కొలకత్తా, విశాఖ రేవుల నుండి అండమాను దీవులకు ప్రయాణికుల ఓడలు నడచుచు వచ్చినవి. విశాఖ నుండి ఆ దీవుల ముఖ్యపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు పగళ్లు, రెండు రాత్రులకు పైగా పట్టును.

పోర్ట్‌బ్లెయిర్ అని మనము చిరకాలముగా పిలిచిన ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు పెట్టిరి. విహారనౌక ఉదయము ఆ రేవున ఆగినదనుకొందము. సాయంకాలమునకు మరల ఎక్కవలెను. చేతిలో నున్నది ఎనిమిది గంటలు. చుట్టును తీరములు అనేకము. వాటిలో దేనికి పోవలెను? ఈ ప్రశ్నకు చాలమంది చెప్పు జవాబు, అన్నిటికంటె పేరుపొందిన తీరమునకు పోవలెనని. ఆ జవాబు ఎంతవరకు సరియైనదో విచారింతము.

అండమానులో మిక్కిలి ప్రసిద్ధి చెందినది రాధానగర్ తీరము. 2004లో టైమ్ పత్రిక దానిని ఆసియాలో మేటి తీరమని కొనియాడినది. 2020లో మన దేశమున ఎనిమిది తీరములకు శుభ్రతకును భద్రతకును గుర్తుగా నిచ్చు ‘బ్లూ ఫ్లాగ్’ లభింపగా, వానిలో విశాఖ దగ్గరి ఋషికొండయు, ఈ రాధానగరును ఉన్నవి. తెల్లని ఇసుక, వెనుక దట్టమైన అడవి, నీలపు నీరు, చూడదగినదే. కాని అది ముఖ్యపట్టణమున లేదు. పూర్వము హావెలాక్ అనియు, 2018 నుండి స్వరాజ్ ద్వీపమనియు పిలువబడు వేరొక దీవిలో నున్నది. అచ్చటికి పడవలో పోవలెను. వేగముగా పోవు పడవకు గంటన్నర, ప్రభుత్వపు పడవకు రెండు గంటలకు పైగా పట్టును. దిగిన పిదప తీరమునకు పది పన్నెండు కిలోమీటర్ల బాట. పోవుటకును వచ్చుటకును లెక్కవేసి, పడవకై వేచియుండు కాలమును కూడ కలిపినచో, ఎనిమిది గంటలలో తీరమున నిలుచుటకు మిగులునది గంటయో, గంటన్నరయో. సముద్రము అలజడిగా నున్న దినమున పడవ ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు నడువనే నడువదు. విహారనౌక మాత్రము మనకొరకు నిలువదు. కావున రాధానగరు ఆ దీవులలో రాత్రి బసచేయువారికి తగినది. ఒక పూట ఆగు ఓడవారికి తగినది కాదు.

కాలమును గూర్చి మరియొక విషయము. మన దేశమంతటికిని గడియారము ఒకటే. సూర్యుడు మాత్రము ఒకటి కాడు. అండమాను మనకు చాల తూర్పున నున్నందున అచ్చట సంగారెడ్డి కంటె సుమారు ఒక గంట ముందుగా ప్రొద్దు క్రుంకును. డిసెంబరు మాసమున సాయంకాలము అయిదు గంటలకే సూర్యాస్తమయము. మన అలవాటు ప్రకారము అయిదున్నర వరకు వెలుతురుండునని తలచి తీరమున జాగుచేసినవారు చీకటిలో చిక్కుకొందురు. స్నానము, ఆట, భోజనము మూడు గంటలలోపుగా ముగించుకొనుట మేలు.

ఇక గాలి సంగతి. దీవికి నలువైపుల సముద్రమే యైనను నలువైపుల ఒకేతీరున నుండదు. మే మాసము నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము వీచును. అప్పుడు పడమర ముఖముగా నున్న తీరములపై కెరటములు విరుచుకొని పడును. తూర్పు ముఖముగా నున్నవి కొంత మరుగున నుండును. అక్టోబరు మొదలు ఈశాన్యపు గాలి వచ్చునప్పుడు ఇది తారుమారగును. ఇంటిలో వానజల్లు ఏ వైపునుండి కొట్టుచున్నదో చూచి కిటికీ మూయుట ఎట్టిదో, గాలి ఏ వైపునుండి వచ్చుచున్నదో చూచి తీరము నెన్నుకొనుట అట్టిది. రాధానగరు పడమటి తీరము. పట్టణమునకు ఆరేడు కిలోమీటర్లలో నున్న కార్బిన్స్ కోవ్ తూర్పు తీరము. జూలైలో మొదటిది ఉగ్రముగా నున్నప్పుడు రెండవది శాంతముగా నుండవచ్చును.

గాలి తరువాత ఆటుపోట్లు. అండమాను తీరములలో దినమునకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వచ్చును. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ ఇంచుమించు పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషములు. అందుచేత నేడు పది గంటలకు పోటు వచ్చినచో రేపు పదింటికి కాక సుమారు యాబది నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకును పూర్ణిమకును పోటు ఎక్కువ, ఆటు లోతు. పగడపు దిబ్బలున్న తీరములలో ఆటు సమయమున నీరు మోకాలి బంటి యగును. అంచులు కత్తులవలె నుండు పగడములు బయటపడును. అప్పుడు ఈత సాగదు, కాళ్లు చీరుకొనును, సజీవములైన పగడములు కూడ నలిగి చచ్చును. పోటు వచ్చునప్పుడు అదే తీరము నిండుగా, మృదువుగా నుండును. ఆ దినపు పోటు వేళలను ఓడలో నున్న అధికారులను అడిగి తెలిసికొనుట కష్టము కాదు.

మంజీరను ఎరిగినవారికి మొసలి క్రొత్త కాదు. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యము 1978లో ఏర్పడినది. అచ్చటి మొసళ్లను దూరమునుండి చూచినవారు మనలో ఎందరో కలరు. అవి మంచినీటి మొసళ్లు. అండమానులో నున్నవి ఉప్పునీటి మొసళ్లు. వానికంటె పెద్దవి, బలమైనవి, సముద్రములో ఈదగలవి. మడ అడవులు, ఉప్పుటేరులు వాటి నివాసములు. 2010లో స్వరాజ్ ద్వీపమున నీటిలోనికి దిగిన ఒక యాత్రికురాలు మొసలి వాతబడి మరణించినది. నాటినుండి జాగ్రత్తలు పెరిగినవి. కొన్ని తీరములలో స్నానమునకై వల కట్టి హద్దు ఏర్పరచిరి, హెచ్చరిక పలకలు నాటిరి. ఏరు వచ్చి సముద్రమున కలియు చోట, మడచెట్లు నీటిలోనికి వంగియున్న చోట నీరు ఎంత నిర్మలముగా నున్నను దిగరాదు. వలకు వెలుపల ఈదుట ధైర్యమనిపించుకొనదు.

మొసలి కంటె ఎక్కువ మందిని బలిగొనునది నీటి లాగుడు. విశాఖ తీరమున స్నానమునకు దిగి మరలిరాని యువకుల వార్తలు ఏటేట వినుచున్నాము. వారిలో సముద్రమెరుగని లోపలి జిల్లాలవారును ఉందురు. బావిలోను చెరువులోను ఈత నేర్చినవారికి తమకు ఈత వచ్చునను నమ్మకము సహజము. కాని చెరువు నీరు నిలుచును, సముద్రపు నీరు నడచును. ఒడ్డునకు వచ్చిన కెరటముల నీరంతయు ఎక్కడనో ఒకచోట సన్నని పాయగా కూడి వేగముగా వెనుకకు పోవును. ఆ పాయ యున్నచోట కెరటములు విరుగవు. చూచువారికి అదియే అన్నిటికంటె ప్రశాంతమైన చోటుగా తోచును. పిల్లలను అచ్చటనే దింపుదురు. దైవవశమున ఎవరైన అందులో చిక్కినచో ఒడ్డునకు ఎదురీదరాదు. బలము ఉడిగిపోవును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, పాయ దాటిన పిదప ఒడ్డు చేరవలెను. ఈత రానివారు తేలుచు చేయి ఎత్తి సాయము కోరవలెను. రక్షకులు కావలియుండు తీరమునే ఎన్నుకొనవలెననుటకు ఇంతకంటె కారణము వేరొకటి అక్కరలేదు.

పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము కర్మాగారములలో పనిచేయువారికి ఈ మాటలు సులభముగా బోధపడును. యంత్రమును నడుపుటకు ముందు ముల్లు ఏ అంకెపై నున్నదో చూచిన పిదపనే మీట నొక్కుదురు. సముద్రము కడ గాలి, పోటు, హెచ్చరిక పలక, రక్షకుడు అట్టి ముల్లులే. సెలవు దినమున ఆ అలవాటును ఇంటివద్ద విడిచిపోరాదు.

ఇక ఎవరెచ్చటికి పోవలెను? ముసలివారును చిన్నపిల్లలును వెంటనున్న కుటుంబమునకు కార్బిన్స్ కోవ్ అనుకూలము. రేవునకు దగ్గర, కొబ్బరిచెట్ల నీడ కలదు, అలసినవారిని ముందుగా వెనుకకు పంపవచ్చును. పగడములను చూడ వేడుకపడువారు నార్త్ బే పోవచ్చును. మన పాత ఇరువది రూపాయల ఎర్రనోటు వెనుకవైపున కొబ్బరిచెట్ల నడుమ కనబడు దృశ్యము అచ్చటిదే. అది రేవునకు ఎదుటనే, స్వల్పకాలపు పడవ ప్రయాణములో నున్నది. దానితోపాటు పూర్వము రాస్ దీవి యనబడి 2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపముగా పేరుపొందిన చోటును, అందలి ఆంగ్లేయుల కాలపు శిథిలములను చూచి రావచ్చును. ముప్పది కిలోమీటర్లకు లోపుగా నున్న వండూరు నుండి 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయవనములోని దీవులకు పడవలు పోవును. అది పగలంతయు పట్టు పని. ఓడ రాత్రి వరకు ఆగునప్పుడే తలపెట్టవలెను. అచ్చటి దీవులను ఋతువునుబట్టి మార్చి మార్చి తెరతురు. ప్లాస్టిక్ వస్తువులను తీసికొనిపోనీయరు. ఏ తీరమునకు పోయినను పగడపు ముక్కలను ఏరి తెచ్చుట చట్టవిరుద్ధమని పిల్లలకు ముందే చెప్పవలెను.

అండమానులో మన భాషకు కొరతలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి పోయి స్థిరపడిన బెస్తవారు ఎందరో. తీరమున వల బాగుచేసికొనుచున్న పెద్దమనిషి కనబడినచో, “అన్నా, ఈ వేళ నీళ్లు ఎట్లున్నవి? పిల్లలను ఎక్కడ దింపవచ్చును?” అని అడుగుడు. ఆయన చెప్పు ఒక్కమాట ఏ ప్రకటన పత్రమును ఇయ్యలేని సమాచారము నిచ్చును. ఆయన వద్దన్నచో ఆ దినమున స్నానము మాని, ఇసుకలో కూర్చుండి కెరటములను చూచుటయు ఆనందమే.

సముద్రము చూచుటకు వందల మైళ్లు పోయినవారు నీటిలో దిగకుండ వచ్చుట వెలితిగా తోచవచ్చును. కాని ఏ తీరమునుండి ఇంటిల్లిపాదియు చీకటి పడకముందే నవ్వుచు ఓడ నెక్కుదురో, ఆ పూటకు అదియే మంచి తీరము. రాధానగరు ఎక్కడికిని పోదు. మరియొక సెలవులో, నాలుగు దినములు తీరికగా, ఈశాన్యపు గాలి తగ్గిన ఫిబ్రవరిలో పోయి చూడవచ్చును.