ఆతతాయి యెవడు?

కోటు లోపలి జేబునందు పిస్తోలు నుంచుకొని ఊరి వెలుపలి దారిని ఒంటిగా పోవుచున్న గృహస్థుని తలచుకొందము. ఆయుధము ప్రభుత్వ మిచ్చిన లైసెన్సు గలదే. ఆయన దుష్టుడు కాడు. నాలుగెకరముల పొలమును, పదుగురిలో పరువును గలవాడు. చీకటిలో ఇరువురు మనుష్యులు దారి కడ్డముగా నిలిచిరి. ఆ క్షణమున ఆయన చేయి జేబులోనికి పోవచ్చునా? పోయినచో వట్టిగా వెలికి రావలెనా, ఆయుధముతో రావలెనా?

ఈ ప్రశ్నకు మనలో పెక్కుమంది యిచ్చు ప్రత్యుత్తర మొక్కటియే: "లైసెన్సు గలదు గదా!" ఈ ప్రత్యుత్తరము తప్పు, తప్పగుటయే కాదు, అపాయకరము. ఆయుధము నుంచుకొనుటకు అనుజ్ఞ వేఱు. దానిని మఱియొక మనుష్యునిపై ఎత్తుటకు అధికారము వేఱు. మొదటిది కలెక్టరుగారో పోలీసు కమీషనరుగారో సంతకము చేసి యిచ్చునది. రెండవదానిని ఏ యధికారియు ఈయజాలడు. ఆపద దాని నిచ్చును. ఆపదతోడనే యది పోవును.

ఈ భేదము మన దేశచరిత్ర యందే స్పష్టముగా గానవచ్చును. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధముల చట్టము లైసెన్సు లేక భారతీయుడు ఆయుధము పట్టరాదని శాసించి, యూరోపియనునకు మాత్రము మినహాయింపు నిచ్చెను. ఆ యవమానమును మన పెద్దలు మఱవలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు నొకదానిగా చేర్చిరి. కాని స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట, 1948లో రాజ్యాంగసభ యందు హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని ప్రతిపాదింపగా సభ యంగీకరింపలేదు. పాత చట్టము స్థానమున 1959 చట్టము వచ్చెను. 2019 సవరణతో ఒక మనుష్యు డుంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. కావున ఆయుధధారణము మన దేశమున హక్కు కాదు, అనుజ్ఞ మాత్రమే.

ఆత్మరక్షణ మట్లు కాదు. అది హక్కు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 96 మొదలు 106 వఱకు గల సెక్షనులలో దానిని చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో దానినే నిలిపెను. కఱ్ఱ పట్టినవానికిని, వట్టిచేతులవానికిని, పిస్తోలు గలవానికిని ఈ హక్కు సమానమే. పిస్తోలు గలవానికి హక్కు హెచ్చుగా లేదు. బాధ్యత మాత్రము హెచ్చుగా నున్నది. ఏలయన, వాని చేతిలోనున్నది ఒకసారి వదలినపిమ్మట వెనుకకు పిలువరానిది.

మన స్మృతికారులు ఈ సందర్భమున వాడిన మాట "ఆతతాయి". ఆతతము అనగా సాచబడినది, ఎక్కుపెట్టబడినది. వింటిని ఎక్కుపెట్టి పైకి వచ్చువాడు ఆతతాయి. చంపవచ్చిన ఆతతాయిని చంపినవానికి దోషము లేదని మనుస్మృతి చెప్పుచున్నది. ఇల్లు కాల్చువాడు, విషము పెట్టువాడు, ఆయుధపాణియై వచ్చువాడు, ధనమును, భూమిని, భార్యను హరించువాడు అని యార్గురిని ఆతతాయులుగా లెక్కించుట మన సంప్రదాయము. అయినను విజ్ఞానేశ్వరుడు మితాక్షర యందు ఈ వచనములను యథేచ్ఛానుజ్ఞగా గ్రహింపక, వాని హద్దులను చర్చించెను. ఆ మాట పుట్టుకను పాఠకులు గమనింతురు గాక. బాణ మింకను వెడలలేదు; ఎవ్వరును నేల కూలలేదు. విల్లు వంగిన మాత్రముననే వాని కా పేరు వచ్చినది.

నేటి చట్టమును ఇదే మార్గమున నడచుచున్నది. పిస్తోలును కాల్చుట యొక కార్యము. దానిని వెలికి తీసి యెదుటివానికి జూపుటయు ఒక కార్యమే. బలప్రయోగము జరుగనున్నదని యెదుటివానికి తోచునట్లు చేతితో చేసిన సైగయే దౌర్జన్యమని న్యాయ సంహిత 130వ సెక్షను చెప్పుచున్నది. ప్రాణభయము చూపి బెదరించుట 351వ సెక్షను క్రింద వేఱొక నేరము. 2016 ఆయుధ నియమములు బహిరంగస్థలమున కొనిపోవు తుపాకి ఒఱలో పూర్తిగా కప్పబడి యుండవలెనని విధించి, దానిని నలుగురిలో ఝళిపించుటను నిషేధించినవి. పెండ్లి యూరేగింపులలో వేడుకకై అజాగ్రత్తగా కాల్చువానికి 2019 సవరణ రెండేండ్ల వఱకు చెఱయో, లక్ష రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో నిర్ణయించెను. అనగా ఒఱలోనున్నంతకాలము ఆయుధము అనుజ్ఞ నీడలో నుండును. ఒఱ దాటిన క్షణమున ఆ నీడ తొలగును. అటుపిమ్మట ఆత్మరక్షణపు హక్కు దానిని కాపాడవలెను. ఆ హక్కు నాటికి పుట్టి యుండనియెడల, తీసినవాడే ఆతతాయి. అంతటితో నాగదు: ఆతని నెదిరించుటకు అవతలివానికి ఆత్మరక్షణపు హక్కు సంక్రమించును.

ఆ హక్కు ఎప్పుడు పుట్టును? ప్రాణాంతకమగు బలమును వాడుటకు తగిన సందర్భములను న్యాయ సంహిత 38వ సెక్షను ఏడింటిని చెప్పినది: చావు కలుగునని భయము గొల్పు దాడి, తీవ్రమగు గాయము కలుగునని భయము గొల్పు దాడి, మానభంగము, ప్రకృతివిరుద్ధమగు కామదౌర్జన్యము, మనుష్యు నెత్తుకొనిపోవుట, అధికారులకు మొఱపెట్టుకొను వీలు లేకుండ నిర్బంధించుట, ఆమ్లము చల్లుట. తిట్టు ఇందులో లేదు. చెంపదెబ్బ లేదు. పదిమందిలో జరిగిన అవమానము లేదు. పరువునకు భంగము కలిగినదని పిస్తోలు తీయువాడు తన పరువును కాపాడుకొనుట లేదు; కోర్టు బోనునకు దానిని కొనిపోవుచున్నాడు.

ఆస్తి విషయమున మన గృహస్థులు మఱింత జాగరూకులై యుండవలెను. భూమిని హరించువానిని పూర్వులు ఆతతాయుల పంక్తిలో చేర్చిరి గాని, నేటి చట్టము అంతదూరము పోలేదు. 41వ సెక్షను ప్రకారము దోపిడి, సూర్యాస్తమయమునకు పిమ్మట సూర్యోదయమునకు ముందు ఇంటికి కన్నము వేయుట వంటి గృహభేదనము, నివాసగృహమునకు నిప్పుపెట్టుట, చావో తీవ్రగాయమో తప్పదని సహేతుకమగు భయము గొల్పు దొంగతనము, ధ్వంసము, గృహప్రవేశము: ఇంతమట్టునకే ప్రాణాంతకబలము అనుమతింపబడినది. గట్టు జరిపినవానిపైనను, కాలువకు గండి కొట్టినవానిపైనను, చెట్టు కాయలు కోసికొని పోవువానిపైనను ప్రాణము తీయు హక్కు లేదు. వారిని అడ్డగింపవచ్చును, తగుమాత్రపు బలముతో వెడలగొట్టవచ్చును. సెంటు భూమికి మనుష్యప్రాణమును వెలగా కట్టుట చట్టమున కంగీకారము కాదు.

ఆ హక్కు ఎంతసేపు నిలుచును? ఇదియే యన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. అపాయము కలుగునను సహేతుకమగు భయముతో అది పుట్టును. దెబ్బ పడువఱకు వేచియుండ నక్కఱలేదు. ఆ భయము తొలగిన క్షణమున అది నశించును. పంజాబు భూతగవులలో పుట్టిన రెండు వ్యాజ్యములు ఈ ధర్మమును ఇరుప్రక్కలనుండి చూపుచున్నవి.

మొదటిది జయదేవ్ వ్యాజ్యము; 1963 నాటి సుప్రీంకోర్టు తీర్పుల సంపుటమున నున్నది. పొలముకై ఇరుపక్షముల వారును కలహించిరి. తన స్వాధీనములోని భూమి నాక్రమింపవచ్చిన గుంపును చూచి యజమాని పాఱిపోయి అధికారుల నాశ్రయింపవలెనని మన చట్టము కోరదని న్యాయమూర్తులు స్పష్టముగా చెప్పిరి. అంతవఱకు హక్కు వారిదే. కాని గుంపు చెదరి పఱువిడుచుండగా కాల్చిన గుండ్లకు ఆ హక్కు అండ కాజాలదని చెప్పి శిక్షను నిలిపిరి. ఒకే స్థలము, ఒకే దినము, ఒకే పక్షము. వచ్చుచున్నవానికిని, పోవుచున్నవానికిని గల భేదమే తీర్పును మార్చివైచినది.

రెండవది దర్శన్ సింగ్ వ్యాజ్యము. ఇదియు భూతగవే. ఎదుటి పక్షమువాడు గండాసా యను పెద్దకత్తితో తండ్రి తలపై కొట్టగా, కుమారుడు తన లైసెన్సు తుపాకితో కాల్చెను, కొట్టినవాడు మరణించెను. క్రింది కోర్టు కుమారుని విడిచిపెట్టినది, హైకోర్టు శిక్షించినది, 2010లో సుప్రీంకోర్టు మరల విడిచిపెట్టెను. ఆపదలో నున్నవాని చేష్టలను బంగారపు త్రాసులో తూచరాదనియు, నిజమైన భయమున్న చాలుననియు, అయితే ఈ హక్కు రక్షణకే గాని ప్రతీకారమునకు గాదనియు ఆ తీర్పు సారాంశము. తండ్రి తలపై రెండవ వేటు పడకుండుటకై పేల్చిన గుండు రక్షణము. పాఱిపోవువాని వీపునకు గుఱిపెట్టిన గుండు పగ.

దాచిన చేతితుపాకిని గూర్చి మన కాలమున మిక్కిలి చర్చ పుట్టించిన వ్యవహార మొకటి న్యూయార్కు నగరమున జరిగినది. 1984 డిసెంబరు 22న భూగర్భపు రైలులో నలుగురు యువకులు బెర్నార్డ్ గెట్జ్ అనువానిని సమీపించిరి. ఒకడు ఐదు డాలర్లిమ్మని యడిగెను. అతడు లోపల దాచియుంచిన లైసెన్సు లేని రివాల్వరును తీసి ఐదుమార్లు కాల్చెను. నలుగురును గాయపడిరి; అందొకడు శాశ్వతముగా అవయవములు చచ్చినవాడయ్యెను. "నాకు భయము కలిగినది" యన్న చాలదనియు, ఆ స్థితిలో, ఆ మనుష్యుని పూర్వానుభవములతో, వివేకవంతునికి సైతము అట్టి భయము కలుగదగియుండవలెననియు 1986లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము నిర్ణయించెను. 1987లో జూరీ అతనిని హత్యాప్రయత్నపు నేరమునుండి విడిచి, లైసెన్సు లేని ఆయుధమునకై దోషి యనెను. 1996లో సివిలు జూరీ, అవయవములు చచ్చిన యువకునికి 4 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లింపవలసినదని తీర్పు చెప్పెను. రైలులో కొన్ని క్షణములలో ముగిసిన పనికి పండ్రెండేండ్లు ప్రత్యుత్తరము చెప్పుకొనవలసి వచ్చెను. 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఆత్మరక్షణకై ఇంటి వెలుపల చేతితుపాకి ధరించుట పౌరుని హక్కేయని తేల్చినది. అయినను ధరించు హక్కు విస్తరించినంతమాత్రమున తీయు హక్కు విస్తరింపలేదు. అక్కడను ఇక్కడను రెండవదానికి మూలము ఆపదయే.

"చీకటిలో కత్తి మెఱసినపుడు సెక్షనుల నెవడు తలపోయును?" అని కొంద రడుగవచ్చును. ఎవడును తలపోయడు, అందుకే పగటివేళ తలపోయవలెను. "కాల్చుటకు గాదు, బెదరించుటకే తీసితిమి, రక్తపాతము తప్పినది గదా" యని మఱికొంద రందురు. ప్రాణాపాయము నిజముగా నెదుట నున్నపుడు తీసిన ఆయుధమును చూచి దుండగుడు వెనుదిరిగినయెడల, అంతకంటె మేలు లేదు. అవసరమైనంతకు మించి హాని చేయరాదను నియమమున కదియే యుత్తమమగు పాలనము. కాని ప్రాణాపాయము లేనిచోట బెదరింపునకై తీసిన ఆయుధము పని చేయనిచో, తరువాత చేయవలసిన దేమి? కాల్చుటకు హక్కు లేదు. మరల జేబులో నుంచుకొనుటకు అభిమాన మొప్పదు. ఎదుటివాడు తన ఆయుధము తీయవచ్చును. లేదా మన చేతిలోనిదే లాగికొనవచ్చును. కాల్చుటకు ధర్మము లేనిచోట తీయుట ఈ మూడు గతులలో నొకదానికి దారి.

ఇది చట్టపు సెక్షను కాదు, మా యుపదేశము. ఆయుధము గల ప్రతి గృహస్థుడును ముందుగానే తన్ను తాను మూడు ప్రశ్న లడుగుకొనవలెను. ప్రాణమునకో, అవయవమునకో, మానమునకో ఇప్పుడే ముప్పు వచ్చి మీద పడుచున్నదా? తప్పుకొనుటకో, తలుపు వేసికొనుటకో, పోలీసులను పిలుచుటకో వ్యవధి లేదా? ఈ కయ్యమును నేను కొనితెచ్చుకొనలేదా? మూడింటికిని "ఔను" అను ప్రత్యుత్తరము వచ్చిననే చేయి ఒఱపైకి పోవలెను. వ్యవధి యున్నపుడు అధికారుల నాశ్రయింపవలెనని 37వ సెక్షనే చెప్పుచున్నది. ముప్పు తొలగినంతనే ఆయుధము ఒఱ చేరవలెను. గాయపడినవాడు శత్రువైనను వైద్యసహాయము పిలిపింపవలెను. జరిగినది జరిగినట్లు పోలీసులకు తానే ముందుగా తెలుపవలెను. ఆత్మరక్షణమును చూపవలసిన భారము భారతీయ సాక్ష్య అధినియమము 108వ సెక్షను ప్రకారము ముద్దాయిదే. అది సంశయాతీతముగా గాక, సంభావ్యముగా చూపిన చాలును. అయితే ఘటనాస్థలమునుండి పాఱిపోయినవాని మాటకు సంభావ్యత యెక్కడిది?

మన దారిప్రక్క గృహస్థుని కడకు మరల వత్తము. ఇరువురు దారి కడ్డముగా నిలిచియున్నారు. వారు దారి తప్పినవారు కావచ్చును, బీడీకి నిప్పడుగువారు కావచ్చును, కత్తిగలవారును కావచ్చును. ఆయన ఒక అడుగు వెనుకకు వేసి, గొంతెత్తి "ఎవరది?" యని యడిగిన చాలును. ఆ ప్రశ్నకు బదులుగా కత్తి మెఱసి మీదికి వచ్చినదా, ఆతతాయి యెవడో తేలిపోయినది. అప్పుడు ఆయన చేతికి శాస్త్రమును, చట్టమును రెండును తోడు వచ్చును. బదులుగా "మేమే బాబయ్యా, కాలువమీద నీళ్లు కట్టి వచ్చుచున్నాము" అను మాట వచ్చినదా, ఆ ఒక్క అడుగును, ఆ ఒక్క మాటయు మూడు కుటుంబములను నిలిపినవి. ముందుగా పిస్తోలు తీసియున్నచో, ఆ చీకటి దారిలో ఆతతాయి ఒక్కడే యుండెడివాడు. వాడు ఆ గృహస్థుడే.