పాత వైన్ అంటే మంచి వైనేనా?

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు దాటినవాళ్లకే.

మన ఇళ్లల్లో ఈ సీన్ చూసే ఉంటారు. ఎవరో ఫారిన్ నుంచి వస్తూ రెడ్ వైన్ తెస్తారు. "ఎంత పాతబడితే అంత మంచిది" అని దాన్ని షోకేస్‌లో పెట్టేస్తారు. మా ఇంట్లోనూ అంతే. నేను తెచ్చిన బాటిల్‌ని నాన్న ఆరేళ్లు దాచారు. నా పెళ్లప్పుడు తీస్తే రంగు బ్రౌన్, వాసన వెనిగర్. నాన్న ఒక్క గుక్క తాగి "బాగుందిరా" అన్నారు. మొహం మాత్రం వేరే చెప్పింది.

ఆరేళ్లలో ఏం జరిగిందో నాకు మొన్నే అర్థమైంది. శాన్ హోసేలో మా వైన్ క్లబ్ వాళ్లం వర్టికల్ టేస్టింగ్ పెట్టుకున్నాం. అంటే ఒకే వైనరీ, ఒకే రకం ద్రాక్ష, వేరే వేరే సంవత్సరాలు. లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన ఏడాది, దాన్నే వింటేజ్ అంటారు. మావి కాలిఫోర్నియా కాబర్నే సావిన్యాన్: 1998, 2005, 2011, 2018. ఏది ఏదో తెలియకుండా బాటిళ్లకి పేపర్ బ్యాగులు తొడిగాం.

2018ది ముదురు ఊదా రంగు. తాగితే వక్క నమిలినట్టు నోరంతా వగరు. ఆ వగరే టానిన్. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. పాత బాటిల్‌లో కనిపించే మడ్డి అదే. వగరు తగ్గుతుంది, రంగు ఇటుక ఎరుపుకి మారుతుంది, పండు వాసన పోయి తోలు, ఎండుటాకుల వాసన వస్తుంది.

ఎక్కువమంది ఓటేసింది దేనికో తెలుసా? 2011కి! ఆ ఏడాది అక్కడ చల్లగా ఉండి, కోతల టైమ్‌లో వానలు పడ్డాయి. వింటేజ్‌కి మంచి పేరు లేదు. అన్నిటికన్నా పాతదైన 1998లో మాత్రం పండు రుచే మిగల్లేదు. దాని టైమ్ అయిపోయింది.

పచ్చళ్లతో పోల్చుకోండి. ఆవకాయ ఊరేకొద్దీ బాగుంటుంది. రోటి పచ్చడి ఇవాళే తినేయాలి. టానిన్, పులుపు, పండు రుచి మూడూ గట్టిగా ఉన్న వైనే ఆవకాయలా నిలుస్తుంది. షాపుల్లో దొరికేవాటిలో చాలావరకు రోటి పచ్చళ్లే, కొన్న ఒకటి రెండేళ్లలో తాగేయాల్సినవి. ఆవకాయకి కూడా తడి తగిలితే బూజు పడుతుంది కదా!

ఏ వైన్ నిలుస్తుందో పేరు చూసి చెప్పలేం. 1976లో పారిస్‌లో ఫ్రెంచ్ జడ్జీలు లేబుళ్లు చూడకుండా రుచి చూస్తే, రెడ్ వైన్లలో కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ 1973 గెలిచింది. కాలిఫోర్నియా వైన్లు అప్పటికే బాగుంటాయి కానీ, ముప్పై ఏళ్లు ఆగితే బోర్డో వైన్లే నిలుస్తాయని కొందరు వాదించారు. 2006లో అవే రెడ్ వైన్లని లండన్‌లో, నాపాలో మళ్లీ తెరిచారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే! ఫస్ట్ వచ్చింది రిడ్జ్ మోంటే బెల్లో 1971. పారిస్‌లో అది ఐదోది. ఆ తోట ఎక్కడో కాదు, మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే కూపర్టినో పక్కన కొండల్లోనే.

దాచాలనుకుంటే 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి ఉండాలి. కార్క్ ఎండిపోకుండా బాటిల్‌ని పడుకోబెట్టాలి. మన ఎండాకాలంలో షోకేస్‌లో నిలబెడితే ఎంత గొప్ప వైనైనా పాడైపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

ఈసారి ఇంటికెళ్తే ఇంకో బాటిల్ తీసుకెళ్తా. నాన్న దాచేలోపే, ఆ రాత్రే మూత తీసేస్తా. అప్పుడు "బాగుందిరా" అంటే నమ్ముతా. మీ ఇంటి షోకేస్‌లో ఎన్నేళ్ల బాటిల్ ఉంది? కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.