పాపము, నేరము, క్రైస్తవసంఘము

1957వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన లండను నగరమున ఒక ప్రభుత్వ కమిటీ నివేదిక వెలువడెను. సర్ జాన్ వుల్ఫెండెన్ అధ్యక్షతన మూడేండ్లు విచారణ సాగించిన ఆ కమిటీ, వయోజనులైన ఇరువురు పురుషులు పరస్పర సమ్మతితో ఏకాంతమున జరుపు లైంగిక చర్యను ఇకమీదట నేరముగా పరిగణింపరాదని సిఫారసు చేసెను. పార్లమెంటు జంకినది, ప్రభుత్వము ఆ సిఫారసును పదేండ్ల వరకు అమలునకు తేలేదు. అట్టి సమయమున దానిని బలపరచినవారిలో ఇంగ్లండు చర్చికి పెద్దయైన కాంటర్బరీ ఆర్చిబిషప్ జెఫ్రీ ఫిషర్ ఒకరనిన, నేటి చదువరులకు వింతగా తోపవచ్చును. ఆ చర్య పాపమని నిస్సంశయముగా నమ్మిన మతాధిపతియే, దానికి చెరసాల తగదనియు నమ్మెను. స్వలింగానురాగము విషయమున క్రైస్తవులు ఎట్లు ఆలోచించిరో, ఎంతదూరము నడచిరో, ఎచట నిలిచిపోయిరో తెలిసికొనగోరువారు ఈ ఘట్టమునుండి మొదలిడుట మంచిదని నా అభిప్రాయము.

ఇంగ్లండులో ఈ శిక్షాస్మృతి కథ చాల పాతది. ఎనిమిదవ హెన్రీ రోముతో తెగతెంపులు చేసికొనుచున్న దినములలో, 1533లో, అంతవరకు మతన్యాయస్థానముల పరిధిలోనుండిన ఈ అపరాధము రాజశాసనము క్రిందికి వచ్చి మరణదండనార్హమయ్యెను. 1835లో లండనులో ఇరువురు పేదలను ఉరితీసినది ఆ దేశమున ఈ కారణమున జరిగిన కడపటి ఉరి. 1861లో ఉరి తొలగినను దీర్ఘకారాగారము మిగిలెను. 1885లో చేసిన మరియొక శాసనముతో పురుషుల మధ్య ఏ చిన్న సాన్నిహిత్యమైనను శిక్షకు పాత్రమయ్యెను. ఆస్కార్ వైల్డ్ 1895లో రెండేండ్ల కఠినశిక్షకు గురియైనది ఈ శాసనము వలననే. యుద్ధకాలమున జర్మనుల రహస్యసంకేతములను ఛేదించుటలో అగ్రగణ్యుడైన గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1952లో దీనికే చిక్కి, చెరకు మారుగా హార్మోను చికిత్సకు తలయొగ్గి, 1954లో అకాలమరణము పాలయ్యెను. ఇవి పేరుమోసినవారి కథలు. పేరులేనివారిని నిత్యము పీడించినది బెదిరింపు. ఒక్క ఉత్తరము చేజిక్కిన చాలును, దుష్టుడు ఏండ్ల తరబడి ధనము గుంజుకొనవచ్చును. పీడితుడు పోలీసుల నాశ్రయించినచో తానే ముద్దాయియగును.

ఈ దుస్థితిని దగ్గరనుండి చూచినవారిలో ఇంగ్లండు చర్చికి చెందిన నైతిక సంక్షేమ మండలి యొకటి. ఆ మండలి 1954లో, అనగా వుల్ఫెండెన్ కమిటీ పని ప్రారంభింపకమునుపే, మతాచార్యులును వైద్యులును కూడి తయారుచేసిన ఒక నివేదికను ప్రకటించి, చట్టమును మార్చవలెనని సూచించెను. దాని వెనుకనున్న ప్రధాన పురుషుడు డెరిక్ షెర్విన్ బెయిలీ అను ప్రీస్టు. ఆయన మరుసటి సంవత్సరము ప్రకటించిన గ్రంథమున, పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయము ఈ విషయమున ఏయే ఆధారములపై నిలిచినదో ఒక్కొక్కటిగా పరిశీలించెను. సొదొమ పట్టణము నశించినది స్వలింగ సంపర్కము వలన కాదనియు, అతిథులయెడ చూపిన దౌర్జన్యము వలననేయనియు ఆయన వాదము. యెహెజ్కేలు ప్రవక్త సైతము సొదొమ దోషములను చెప్పునపుడు గర్వమును, తిండిపుష్టిని, దీనులను ఆదుకొనకపోవుటను ముందు లెక్కించెనుగదా! బెయిలీ వాదము పూర్తిగా నిలువలేదు. ఆ కథలో లైంగిక బలాత్కారపు ఛాయ లేదనుట కష్టమని తరువాతి పండితులు చూపిరి. అయినను, శతాబ్దములుగా ఎవరును తెరచి చూడని పెట్టెను ఆయన తెరచినమాట నిజము.

పరిశుద్ధగ్రంథమున ఈ విషయమునకు సంబంధించిన వచనములు మిక్కిలి కొద్ది. ఆదికాండమున సొదొమ కథ, లేవీయకాండమున రెండు నిషేధములు, రోమీయులకు వ్రాసిన పత్రికయందలి మొదటి అధ్యాయమున కొంత భాగము, కొరింథీయులకును తిమోతికిని వ్రాసిన మొదటి పత్రికలలో ఒక్కొక్క ప్రస్తావన: వాదప్రతివాదములు ముఖ్యముగా వీని చుట్టునే తిరుగును. నాలుగు సువార్తలలోను యేసు నోట దీని నేరు ప్రస్తావన కానరాదు. సంప్రదాయవాదులు ఈ వచనములనే గాక, స్త్రీపురుషులను దేవుడు జతపరచెనను సృష్టిక్రమమును, వివాహమును గూర్చి యేసు ఆ క్రమమునే ఉదహరించుటను తమకు బలముగా చూపుదురు. ఇది కేవలము ద్వేషముచేత పుట్టిన వాదమనుట అన్యాయము. రెండవ పక్షమువారు, పౌలు ఖండించినది నాటి రోమను సమాజమున బానిసలపైనను బాలురపైనను సాగిన కామదౌర్జన్యమునేగాని, సరిసమానులైన ఇరువురు జీవితాంతము ఒకరికొకరు విశ్వాసపాత్రులై యుండు బంధమును కాదని చెప్పుదురు. ఈ ఇరుపక్షములును ఒకే గ్రంథమును భక్తితో చదువుచున్నవేయని గుర్తెరుగక, ఒకరు మరియొకరిని అవిశ్వాసులనుట వలన చర్చ కలహమైనది.

చట్టము సంగతికి వత్తము. ఆనాడు ఇంగ్లండులోని రోమను కథోలికుల పక్షమున కార్డినల్ గ్రిఫిన్ నియమించిన సంఘము సైతము, పాపమును శిక్షించుట రాజ్యము పని కాదన్న అభిప్రాయమునే తెలిపెను. స్కాట్లండు చర్చి మాత్రము వుల్ఫెండెన్ సిఫారసును వ్యతిరేకించెను. ఆ దేశమున శాసనము మారుటకు 1980 వరకు ఆగవలసివచ్చెను. 1963లో క్వేకర్లలో కొందరు ఇంకను ముందునకు సాగి, ప్రేమ యొక్క విలువను లింగమును బట్టిగాక అందలి సత్యసంధతను బట్టి నిర్ణయింపవలెనని వ్రాసిరి. ఫిషర్ తరువాత ఆర్చిబిషప్పైన మైకేల్ రామ్సే 1965లో ప్రభువుల సభయందు నిలిచి, తాను దానిని తప్పుగనే యెంతుననుచు, సకలపాపములును నేరములు కానక్కరలేదని వాదించెను. 1967 జూలైలో శాసనము మారెను. రామ్సేకు వచ్చిన దూషణ తక్కువది కాదు. తన విశ్వాసమును దాచుకొనక, దానిని ఇతరుల మెడకు ఉరిగా బిగింపక, ఆ రెంటినడుమ నిలుచుటకు గుండెనిబ్బరము కావలెను.

ఇక మన దేశమున జరిగినదేమి? మెకాలే చిత్తుప్రతి ఆధారముగా 1860లో రూపొందిన భారత శిక్షాస్మృతియందలి 377వ సెక్షను, ఈ ఆంగ్లశాసనపు బిడ్డయే. తల్లి చనిపోయిన పిదప అర్ధశతాబ్దము ఆ బిడ్డ మన దేశమున బ్రతికెను. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షనును పరిమితము చేసినపుడు, దానిపై సుప్రీంకోర్టున అప్పీలు చేసినవారిలో ఉత్కళ క్రైస్తవ మండలి, అపొస్తలిక సంఘముల కూటమి యుండినవి. 2013 డిసెంబరు 11న ఆ అప్పీలు నెగ్గినపుడు, బొంబాయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, తమ చర్చి స్వలింగానురాగులను ఎన్నడును నేరస్థులుగా భావింపలేదని స్పష్టపరచెను. ఫిషర్, రామ్సేలు పలికిన మాటయే మన గడ్డపై మరల వినబడెనన్నమాట. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము సమ్మతిగల వయోజనులను ఆ సెక్షను పరిధినుండి తొలగించెను. చెరసాలను నిలిపియుంచుమని న్యాయస్థానమును వేడుకొనుట సువార్తికులకు తగని పని యని నేను భావింతును. తాను అల్పసంఖ్యాకమై, మతాంతరీకరణ నిషేధ శాసనముల నీడలో బ్రతుకుచున్న సమాజము, మరియొక అల్పసంఖ్యపై పోలీసును పిలుచుట మరింత శోచనీయము.

రాజ్యమునకు హితవు చెప్పుట యొకయెత్తు, సొంత యింటిని చక్కదిద్దుకొనుట మరియొకయెత్తు. 1991లో ఇంగ్లండు బిషప్పులు, విశ్వాసపాత్రమైన స్వలింగ బంధమున జీవించు సామాన్య విశ్వాసులను సంఘము త్రోసివేయరాదనిరి. మతాచార్యులకు మాత్రము ఆ వెసులుబాటు లేదనిరి. 1998లో కాంటర్బరీయందు సమావేశమైన, ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ మహాసభ 526 ఓట్లతో ఒక తీర్మానము నంగీకరించెను. వ్యతిరేకించినవారు 70 మంది. స్వలింగ సంపర్కము వేదవాక్యమునకు విరుద్ధమన్న భాగమును అందరును జ్ఞాపకముంచుకొనిరి. స్వలింగానురాగుల అనుభవములను చెవియొగ్గి వినుటకు మేము కట్టుబడియున్నామని అదే తీర్మానమున గల వాగ్దానమును జ్ఞాపకముంచుకొన్నవారు కొద్దిమంది. 2003లో అమెరికాయందు తన బంధమును దాచని జీన్ రాబిన్సన్ బిషప్పుగా అభిషిక్తుడైనది మొదలు ఆంగ్లికన్ సమాఖ్యయందలి బీట వెడల్పగుచునే యున్నది. 2023 డిసెంబరు 17 నుండి ఇంగ్లండు చర్చి స్వలింగ జంటలకై ఆశీర్వాద ప్రార్థనలను అనుమతించెను. మరునాడే రోము సైతము, వివాహముతో పోల్చరాదను నియమముతో, ప్రీస్టులు అట్టి జంటలను ఆశీర్వదింపవచ్చునని ప్రకటించెను. ఆఫ్రికాలోని కథోలిక బిషప్పులలో పెక్కుమంది దానిని నిరాకరించిరి.

వ్యక్తిని మార్చివేయుదుమన్న మార్గమును గూర్చి యొకమాట చెప్పక తప్పదు. ప్రార్థనచేతను ఉపదేశముచేతను స్వలింగానురాగమును తొలగింతుమని 1976లో అమెరికాయందు మొదలైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవ సంస్థ, 2013లో తనంతట తానే మూతపడెను. దాని అధ్యక్షుడు ఆలన్ చేంబర్స్ తమవలన గాయపడినవారిని బహిరంగముగా క్షమాపణ వేడెను. ఆ పనిని లోపలినుండి చూచినవాడే ఇచ్చిన ఈ సాక్ష్యముకంటె బలమైనది మరియొకటి నాకు తోచుట లేదు. మన దేశమున జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇట్టి మార్పిడి చికిత్సను వైద్యులకు వృత్తిధర్మ విరుద్ధమని ప్రకటించెను. ప్రార్థనామందిరములకు ఆ నిషేధము వర్తింపదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించిన దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికన్ సమాఖ్యలోనిదే. కావున మెదక్, దోర్నకల్, కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలములకును 1998 లాంబెత్ తీర్మానమున చెవియొగ్గి విందుమన్న ఆ వాగ్దానముతో సంబంధము కలదు. మన సంఘములలో ఒక యువకుడో యువతియో ధైర్యము తెచ్చుకొని పాస్టరుగారి కడకు వచ్చి తన మనసు విప్పినచో, పెద్దలు సాధారణముగా సూచించు మందు పెండ్లి. ఏమియు తెలియని మరియొకరి బిడ్డను ఆ మందుగా వాడుకొనుట ఏ వేదవాక్యమునకు అనుగుణమో ఎవరును విచారింపరు. పాస్టరుగార్లకు నా మనవి యేమనగా, మొదట ఆ బిడ్డ చెప్పునది కడవరకు వినుడు. ఆ బిడ్డ అనుమతి లేక తల్లిదండ్రులకు చెప్పకుడు. దయ్యము వదలించు ప్రార్థనలకు పూనుకొనకుడు. పెండ్లి మాట యెత్తకుడు. సిద్ధాంతమున మీ పక్షమేదైనను ఈ నాలుగును మీ చేతిలోని పనులే.