ఒంగోలు గిత్త బ్రెజిల్‌లో ఏ గడ్డి మేస్తోంది?



పైన వీడియోలో తెల్లగా, ఎత్తైన మూపురంతో నిలబడ్డ ఆవు పేరు వియాటినా-19. మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. 2023లో బ్రెజిల్‌లో జరిగిన వేలంలో దీని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్‌కి ఎక్కింది. బరువు 1,100 కిలోలు. ఈ జాతిని అక్కడ నెలోర్ అంటారు. అంటే మన నెల్లూరే.

మా నాన్నకి ఫోన్‌లో చూపించి "మన ఒంగోలు జాతే నాన్నా" అన్నాను. సంబరపడతాడనుకున్నా. కాసేపు చూసి, "అంత గడ్డి ఎక్కడిదిరా వాళ్ళకి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం అయింది.

ముందు పేరు సంగతి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడితే అందులో కలిసింది. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. మన పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కాయి కాబట్టి అక్కడ నెల్లూరు పేరే నిలిచిపోయింది. ఆఖరి పెద్ద విడత 1960ల మొదట్లో వెళ్ళింది. అందులో కరవది ఊరి పేరు మోసుకెళ్ళిన ఆంబోతు ఒకటి. ఈరోజు బ్రెజిల్‌లో దాని వంశం లేని మంద అరుదు.

యూరప్ పశువులు ఆ ఎండకి, పిడుదులకి తట్టుకోలేక చిక్కిపోయేవి. మనవాటికి నల్లటి చర్మం, దాని మీద తెల్లటి వెంట్రుక. ముతక గడ్డి తిని కూడా ఒళ్ళు చేస్తాయి. ఇప్పుడు బ్రెజిల్‌లో పశువులు 23 కోట్ల పైమాటే. మాంసానికి పెంచేవాటిలో ఎక్కువ భాగం నెలోర్, లేదా దాని సంకరాలు.

ఆ మందల్లో సుమారు నలభై శాతం అమెజాన్ ప్రాంతంలోనే ఉన్నాయి. అక్కడ కొట్టేసిన అడవిలో ఎక్కువ భాగం పచ్చికబయలే అయింది. 1970లో సైనిక ప్రభుత్వం అడవి మధ్యనుంచి ట్రాన్స్‌అమెజాన్ రోడ్డు మొదలుపెట్టింది. పశువుల ఫారాలు పెట్టేవాళ్ళకి పన్ను రాయితీలిచ్చింది. అడవి నరికి, తగలబెట్టి, గడ్డి చల్లి, నాలుగు పశువుల్ని తోలితే ఆ భూమి నాదే అని చెప్పుకోవచ్చు. భూమిని పట్టి ఉంచడానికి అంతకంటే చవకైన దారి లేదు. చాలా చోట్ల మాంసం లాభం కంటే భూమి ధర పెరుగుదలే అసలు లెక్క. మా మంగళగిరి చుట్టుపక్కల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, 2014 తర్వాత కంచెలు ఎలా లేచాయో మనం చూసినవాళ్ళమే.

ఒక్క 2004లోనే బ్రెజిల్ అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. మన ఉమ్మడి గుంటూరు జిల్లా 11,391. రెండున్నర గుంటూరు జిల్లాలు, ఒక్క ఏడాదిలో! అడవిలో రబ్బరు పాలు తీసి బతికేవాళ్ళ నాయకుడు చికో మెండిస్ ఈ నరికివేతకి అడ్డం నిలబడ్డాడు. 1988 డిసెంబరు 22న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. కాల్పించింది పశువుల ఫారం యజమాని.

ఇక నేల సంగతి. మనలాంటి వాళ్ళం ఆగి చూడాల్సింది ఇక్కడే.

అంత అడవి ఉందంటే నేల బంగారం అనుకుంటాం. కాదు. లక్షల ఏళ్ళ వానలకి సారం కొట్టుకుపోయిన పాత నేల అది. బలమంతా చెట్లలో, రాలిన ఆకులో ఉంటుంది. ఆకు రాలడం, శిలీంధ్రాలు కుళ్ళబెట్టడం, పైపైనే ఉన్న వేళ్ళు మళ్ళీ లాక్కోవడం. మనం ఆచ్ఛాదన, నవధాన్యాల విత్తనం అని చేస్తున్నది ఇదే పనికి చిన్న నకలు. తగలబెడితే ఆ బలమంతా బూడిదై నేల మీద పడుతుంది. మొదటి కొన్నేళ్ళు గడ్డి ఏపుగా వస్తుంది. తర్వాత భాస్వరం అందదు, కలుపు కమ్ముతుంది, గిట్టల కింద నేల గట్టిపడుతుంది. ఆ బీడు వదిలేసి కొత్త అడవిలోకి పోతారు. హెక్టారుకి, అంటే రెండున్నర ఎకరాలకి, సుమారు ఒక్క పశువే మేస్తుంది. డిప్లొమాలో మాకు మేత పంటల పాఠం ఉంది గానీ ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

గడ్డి కూడా ఎక్కువగా ఒకటే రకం. ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రకేరియా. అందులో మరండు అనే రకాన్ని 1984లో విడుదల చేస్తే కోట్ల ఎకరాలకి పాకింది. అమెజాన్‌లో నీరు నిలిచే నేలల్లో అది మడులు మడులుగా చచ్చిపోయింది. ఊరంతా ఒకే పత్తి విత్తనం వేసి గులాబీ పురుగుతో దెబ్బతిన్న మనకి ఈ కథ తెలిసినట్టే ఉంటుంది.

వానకి కూడా లెక్కుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమని అడవి పీల్చి, ఆవిరిగా వదిలి, మళ్ళీ వానగా కురిపించుకుంటూ లోపలికి పంపుతుంది. దక్షిణాన సోయా వేసే రైతు వానకి ఆ చెట్లే ఆధారం. అవి నరికితే అతని పొలం కూడా ఎండుతుంది.

అయితే ఆపలేనిది మాత్రం కాదు. ఉపగ్రహంతో నిఘా, జరిమానాలు, చట్టం తప్పినవాళ్ళకి బ్యాంకు అప్పు బంద్ చేయడం. వీటితో 2012కల్లా నరికివేత 4,571 చదరపు కిలోమీటర్లకి దిగింది. నిఘా సడలిన తర్వాత 2021లో మళ్ళీ 13,000 దాటింది. 2024లో తొలి అంచనా 6,288. ఇప్పటికీ ఒక మోసం నడుస్తోంది: దొంగగా నరికిన చోట దూడని పెంచి, కాగితాలు సరిగ్గా ఉన్న ఫారానికి మార్చి, అక్కడినుంచి కబేళాకి అమ్ముతారు.

మరి మన దగ్గర ఈ జాతి ఏం తిని పెరిగింది? జొన్న చొప్ప, వరిగ గడ్డి, పిల్లిపెసర, తవుడు, చిట్టు. మనం తినగా పొలంలో మిగిలింది. పత్తి, మిర్చి వచ్చాక చొప్ప పోయింది, ట్రాక్టరు వచ్చాక ఎద్దుకి పని పోయింది. లాం ఫారంలో, చదలవాడ క్షేత్రంలో కాపాడుతున్నారు గానీ, ఊళ్ళలో మంచి ఆంబోతు కోసం వెతుక్కోవాల్సిందే. అక్కడ గడ్డి కోసం అడవి పోయింది, ఇక్కడ గడ్డి లేక ఆవు పోతోంది.

నా సంగతీ చెప్పాలి. నాకు రెండు ఒంగోలు ఆవులు. జీవామృతం, ఘనజీవామృతం అమ్మే యూనిట్ పెంచుదామని పోయిన ఎండాకాలం పది ఆవులకి ప్లాన్ వేశా. మేత కోసం గట్టు మీద వేపలు, కానుగలు కొట్టేసి ఎకరం నేపియర్ పెట్టాలని కూలీలకి కూడా చెప్పాను. నిజం చెప్తున్నా, అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. కానీ లెక్క వేసుకుంటే ఆవుకి రోజుకి పాతిక కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుమేత. పదింటికి ఆ ఎకరం చాలదు. మిగతాది కొనాలి. రెండొందల లీటర్ల జీవామృతానికి కావాల్సింది పది కిలోల పేడ. నా పొలానికి, అడిగిన పదిమందికి రెండావులే సరిపోతున్నాయి.

చెట్లు ఉంచేశాను. ఆవులు రెండు నుంచి మూడయ్యాయి, అంతే. మిర్చి కోశాక అరెకరంలో జొన్న చల్లాం, మధ్యలో అలసంద వేశాం. చొప్ప ఆరేసి వాము వేస్తుంటే నాన్న దగ్గరుండి చూశాడు. వాము కట్టడం నాకు రాలేదు, వంకరగా వచ్చింది. ఆయనే మళ్ళీ విప్పి కట్టాడు. అది కింద రెండో వీడియోలో ఉంది.