చెత్తకుండీకి తాళమా!

ఇనప్పెట్టెకు తాళం వేస్తారు. బీరువాకు వేస్తారు. వీధి గుమ్మానికి వేసి, పడినదో లేదోనని రెండుసార్లు లాగి మరీ చూస్తారు. చెత్తకుండీకి తాళమేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వితే వారిని తప్పుపట్టవలసిన పని లేదు. పోతే పోయేది చెత్తే కదా! కాని విశాఖపట్నంలో గేటు పక్కన కుండీ పెట్టుకున్న అపార్టుమెంటు వారిని కదిపి చూడండి. వారి బాధ చెత్త పోతున్నదని కాదు, వస్తున్నదని.

వెనకటికి వీధి మొగలో పెద్ద ఇనుప కుండీ ఒకటి ఉండేది. ఎవరి చెత్త వారు తెచ్చి, గురి తప్పినా తప్పకపోయినా, అందులోకి విసిరి పోయేవారు. ఇంటింటికీ బండి వచ్చి చెత్త తీసుకునే పద్ధతి పాదుకొన్న కొద్దీ చాలా వీధుల్లో ఆ కుండీలు కనిపించకుండా పోయాయి. 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల్లోని ఇళ్ళకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచిపెట్టారు. తడిచెత్త ఒకదానిలో, పొడిచెత్త ఒకదానిలో, సూదులూ బ్యాటరీలూ వంటి ప్రమాదకరమైనవి మరొకదానిలో వేయాలన్నారు. మంచి ఏర్పాటే. అయితే పొద్దున్న బండి అందుకోలేని వారి మాటేమిటి? రాత్రి పదిగంటలకు కొట్టు కట్టేసే టిఫిను బండివాడు, వంటగది గోడ పగలగొట్టించిన పెద్దమనిషి, తొమ్మిదింటి దాకా నిద్రలేవని బ్రహ్మచారి—వీరందరికీ మూత తేలికగా లేచే కుండీ ఎక్కడ కనబడితే అక్కడే వైకుంఠం!

దీనివలన కలిగే నష్టం కంపు ఒక్కటే కాదు. ఇరవై కుటుంబాల వారు ఓపికగా తడీ పొడీ వేరుచేసి వేసిన కుండీలో పరాయి సంచి ఒక్కటి పడితే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చెత్తను వేరుచేసి అప్పగించే బాధ్యతను 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త పుట్టించిన వారి నెత్తినే పెట్టాయి. బండితో వచ్చిన కార్మికురాలు మూత తీసి చూచి, “కలిపేశారు, తీసుకోను” అంటే మాట పడవలసినది కుండీ యజమానులే. తీసుకోని చెత్త పొంగి రోడ్డు మీదికి, వాన పడితే గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతుంది. మన ఊళ్ళో గెడ్డలన్నిటికీ చివరి మజిలీ అదే కదా.

సరే, తాళం వేద్దామనుకున్నాం. బజారుకు పోయి “గట్టి తాళం ఇవ్వవయ్యా” అనబోయే ముందు, ఎవరి కోసం వేస్తున్నామో ఆలోచించుకోవాలి. కుక్కకూ ఆవుకూ అయితే తాళమే అక్కరలేదు. మూతికి లేవని గొళ్ళెం చాలు. కొండవార కాలనీలకు వచ్చే కోతులకు గొళ్ళెం ఒక లెక్కలోది కాదు గనక, నొక్కి తిప్పితే గాని రాని స్ప్రింగు కొక్కెం వేయాలి. మనిషికి మాత్రమే తాళం. ఈ మనిషీ దొంగ కాడు. రంపాలూ గునపాలూ తీసుకురాడు. తాళం కనబడగానే సంచితో పక్కకు తప్పుకుంటాడు. అంచేత ఖజానాకు తగిన తాళం కొనడం డబ్బు దండగ.

అయితే నదరుగా కనిపించే తాళంకప్ప కంటే, అది తగిలించే గొళ్ళెం ముఖ్యం. ప్లాస్టిక్ కుండీకి ముందువైపు చిన్న పట్టీ బిగించి తాళం వేస్తే, మూత మూలలు రెండూ లేచే ఉంటాయి. ఆ సందులోంచి సంచి దూర్చడం పసిపిల్లవాడికీ చేతనవుతుంది. మూత మీదుగా అడ్డంగా ఒక చివరనుంచి మరొక చివరకు ఇనుప పట్టీ రావాలి. పట్టీని మరమేకులతో బిగిస్తే మరతిప్పుడు ఒక్కటి చాలు, తాళం జోలికి పోకుండానే ఊడదీయవచ్చు. గుండ్రని తల ఉన్న బోల్టులు వేసి నట్లు లోపలివైపు బిగించాలి. వెనుకవైపు మూత బందుల్లోని ఊచ సులువుగా జారివచ్చేదో కాదో చూసుకోవాలి. చక్రాల కుండీ అయితే గోడకు గొలుసు కట్టాలి, లేకపోతే తాళంతో సహా బయలుదేరుతుంది! అన్నిటికన్న మేలు, చోటుంటే, కుండీల చుట్టూ నడుమెత్తు గోడ లేపి, మూడు వైపులా గాలి ఆడే వలకట్టి, పైన కప్పు, ముందు తలుపు పెట్టడం. అప్పుడు కుండీకి బదులు తలుపుకు తాళం. తడిచెత్తకు గాలి కావాలి. బిగించి రెండు రోజులు వదిలితే మూత తీసిన వారికి తెలుస్తుంది!

ఇక మన ఊరి ప్రత్యేకత. ఉక్కు తయారుచేసే ఊళ్ళోనే ఉక్కుకు ఆయుర్దాయం తక్కువ. లాసన్స్ బే కాలనీలోనో చినవాల్తేరులోనో వేసిన మామూలు ఇనుప తాళం, సముద్రపు గాలిలోని ఉప్పుకు, ఒక వానాకాలం గడిచేసరికి ఎర్రబడి తెరుచుకోనని భీష్మించుకుంటుంది. రేవుకు దగ్గరగా ఉన్న పాతనగరంలో ఉప్పుకు తోడు బొగ్గుపొడి. ఇత్తడి తాళం మంచిదంటారు, నిజమే. కాని చాలా ఇత్తడి తాళాలకు పైనుండే వంపు కడ్డీ పూత పూసిన ఉక్కుది. పూత లేచిందంటే తుప్పు మొదలు. పైగా ఉప్పునీటి తడిలో ఇత్తడీ ఇనుమూ ఆనుకొని ఉంటే ఇనుము మరింత త్వరగా తినిపోతుంది. గనక కడ్డీ కూడా స్టెయిన్‌లెస్ స్టీలుదే ఉన్న తాళం అడగండి. స్టెయిన్‌లెస్‌లోనూ రకాలున్నాయి. వంటింటి గిన్నెల్లో తరచు కనిపించేది 304 రకం. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుగాలికి మరింత ఓర్చుకుంటుంది. తాళంచెవి దూరే రంధ్రం కిందివైపు ఉండాలి, దానికి రబ్బరు మూత ఉంటే మరీ మంచిది. నెలకొకసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది దుమ్మును పట్టి జిగురవుతుంది.

(ప్రపంచమంతా తాళాన్ని బలంతో కొలుస్తుంటే, మన తెలుగువాడు దాన్ని కప్ప అన్నాడు, దాన్ని తెరిచే దానిని చెవి అన్నాడు. ఇవాళ వాడకంలో తాళమంటే తాళంకప్పా అవుతుంది, తాళంచెవీ అవుతుంది, ఇంట్లో “తాళం ఎక్కడ?” అని రోజూ జరిగే రభసకు సగం కారణం అదే కాబోలు.)

చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది అసలు చిక్కు. అపార్టుమెంటు కార్యదర్శి గారి జేబులో ఉన్నదనుకోండి. ఆయన అనకాపల్లి పెళ్ళికి వెళ్ళిన రోజున చెత్త కదలదు. అంకెల తాళం వేస్తే నాలుగు చక్రాలకు 10,000 అంకెల కూర్పులు వస్తాయి, ఊహించడం కష్టమే. కాని నాలుగో రోజుకు ఆ అంకెను ఎవరో ఒకరు గేటు గోడ మీద సుద్దతో రాసిపెడతారు! ఒకే చెవితో తెరుచుకునే తాళాలు జతగా అమ్ముతారు. మూడు కుండీలకూ అవే తీసుకొని, కాపలాదారుకొక చెవి, పొద్దున్న వచ్చే కార్మికురాలికొక చెవి, ఇంటివారికొకటి ఇవ్వడం తెలివైన పని. పాశ్చాత్య దేశాల్లో బండి చెయ్యి కుండీని ఎత్తి బోర్లించగానే తనంతట తెరుచుకునే తాళాలున్నాయి. మన వీధుల్లో చేత్తో ఎత్తి పోసే కుండీలకు అవి అంతగా ఒప్పవు. బోర్లిస్తే తెరుచుకునేది ఎవరు బోర్లించినా తెరుచుకుంటుంది.

ఆసుపత్రుల సంగతి వేరు. వాడిన సూదులూ రక్తపు దూదీ ఏరుకుపోయి మళ్ళీ అమ్మకుండా భద్రమైన చోట ఉంచాలని, శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిలవ పెట్టరాదని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అక్కడ తాళం ఐచ్ఛికం కాదు. ఇన్సులిన్ సూదులు వాడే ఇళ్ళలో ఎర్రడబ్బాకూ అదే న్యాయం.

కాని నీలం డబ్బాకు తాళం వేసే ముందు ఒక్క క్షణం ఆగాలి. 1883 నవంబరులో పారిస్ నగరపు అధికారి యుజీన్ పూబెల్ ప్రతి ఇంటి యజమానీ మూత ఉన్న కుండీలు పెట్టాలని ఉత్తరువు చేశాడు. చెత్త ఏరుకొని బ్రతికే వారు గగ్గోలు పెట్టారు. వారి నోటి దగ్గరి కూడు మూత కింద పడిందని. ఫ్రెంచివారు నేటికీ చెత్తకుండీని ఆయన పేరుతోనే పిలుస్తారు. మన వీధుల్లోనూ తెల్లవారకముందే గోతం భుజాన వేసుకొని సీసాలూ అట్టలూ ఏరుకొనే ఆడవాళ్ళున్నారు. 2016 నిబంధనలు కూడా వారిని గుర్తించి చెత్త సేకరణలో కలుపుకోమని స్థానిక సంస్థలకు చెప్పాయి. నా మాట అడిగితే, పరాయి సంచికి భయపడి నీలం డబ్బాకు తాళం వేయవలసివచ్చినా, సీసాలూ అట్టలూ వేరే సంచిలో కట్టి, వారానికొకసారి ఆమె వచ్చే వేళకు చేతికివ్వండి. ఆమెకు కుండీలో చెయ్యి పెట్టే పనీ తప్పుతుంది.

తాళం కొనేటప్పుడు కొట్లోనే, చేతికి తడి తొడుగు తొడుక్కొని, ఒక్క ఎడమచేత్తో తెరిచి చూడండి. పొద్దున్న ఆరింటికి వచ్చే కార్మికురాలికి కుడిచేతిలో బుట్ట ఉంటుంది.